మూడు నోళ్ళు, ఒక రాయి

వైడూర్యగిరి రాజ్యంలో పగకు కూడా ఒక పద్ధతి ఉంది. ఎవడు పడితే వాడు కత్తి దూసి ఎవణ్ణి పడితే వాణ్ణి నరకడానికి వీల్లేదు. నరకదలచినవాడు ముందుగా మూడు నోళ్ళు, ఒక రాయి సంపాదించాలి. మూడు నోళ్ళంటే ముగ్గురు సాక్షులు. వాళ్ళు ఒక ఇంటివాళ్ళు కాకూడదు, ఒక పొయ్యి మీద వండింది తిన్నవాళ్ళు కాకూడదు. రాయి అంటే నోరులేని సాక్ష్యం. విరిగిన కత్తి కావచ్చు, కాలిన ఇల్లు కావచ్చు, ఎముక కావచ్చు. ఈ నాలుగూ ఒకే మాట చెబితే అతను కుడి మణికట్టుకు ఎర్రదారం కట్టుకోవచ్చు. దాన్ని పగతోరం అంటారు. తప్పు జరిగిన నేల మీదికే శత్రువును తీసుకుపోవాలి. అతని మొహాన సాక్ష్యం చెప్పాలి. చచ్చేవాడికి హక్కుగా ఉన్న ఒక్క ప్రశ్నకు జవాబివ్వాలి. ఆ తరువాత తల తీస్తే రాజు కూడా అడ్డు చెప్పడు.

సాక్ష్యం అబద్ధమని తేలిందా, తోరం కట్టుకున్నవాణ్ణి కొయ్యమొనకు గుచ్చి కొరత వేస్తారు. వాడి తాతముత్తాతల పేర నిలిపిన వీరగల్లు రాళ్ళన్నీ పెకలించి పశువుల పాకల్లో పరుస్తారు. వాడి వంశం ఇంక లేదు. ఏనాడూ లేదు.

ఆయుధపూజనాటి మిట్టమధ్యాహ్నం, పట్టపుటేనుగు మెడ మీద కూర్చున్న కొత్త మావటివాడి అంగీ చేతి కింద ఆ ఎర్రదారం ఉంది.

అతని పేరు అరిందముడు. సరిహద్దులోని కాకగిరి కోటకు అధిపతిగా ఉన్న శూరసింహుడి కొడుకు. అతను పాలపళ్ళు ఊడని వయసులో ఉండగా కాలకంధర రాజ్యపు సేన కాకగిరి మీద పడింది. శూరసింహుడే లోపలినుంచి తలుపు తీసి శత్రువును పిలిచాడని తీర్పయింది. చచ్చిన శూరసింహుడి తలను వెదురుకు గుచ్చి ఊరూరా తిప్పారు. అతని వంశంవాడు రాజధానిలో కాలు పెడితే కనబడ్డచోటే చంపమని చాటింపు వేశారు. తల్లి అడవిలో జ్వరంతో పోయింది. పిల్లవాణ్ణి ధూమ్రజటుడనే సిద్ధుడు ఎత్తుకుపోయి, తన గుహలో పెంచి, గజభాష నేర్పి, కత్తి నేర్పి, ఒకే మాట రోజూ చెవిలో పోశాడు: "తలుపు తీసింది మీ నాన్న కాదురా నాయనా. ఉగ్రకేతుడు."

ఆ ఉగ్రకేతుడే ఇప్పుడు అంబారీలో కూర్చుని ఉన్నాడు, అరిందముడి వీపుకు బారెడు దూరంలో.

ఆ రోజు వైడూర్యగిరి పట్టణం అప్పుడే సానబట్టిన కత్తిలా మెరుస్తోంది. బురుజుల మీద కుంకుమరంగు పతాకాలు గాలికి నాలుకల్లా ఆడుతున్నాయి. మేడల గవాక్షాల నుంచి పడతులు చల్లిన సంపెంగలు రాజవీధి పొడుగునా మడమలోతున పడి ఉన్నాయి. ముందు శూలధారులు, వెనక విలుకాండ్రు, నడుమ భేరీల మోత. ఆ మోతలో కొండ నడిచినట్టు నడిచివస్తోంది గండశిల అనే ఏనుగు. కుంభస్థలం మీద సిందూరపు తామరలు, దంతాలకు బంగారు పొన్నులు, వీపు మీద ముత్యాల జాలరుల అంబారీ. అందులో మీసం మీది చెయ్యి తీయకుండా సేనాపతి ఉగ్రకేతుడు. ఆ చేతికి పులిగోళ్ళ కడియం.

ఏనుగుకు ముందు నడుస్తున్న వందిమాగధులు గొంతెత్తారు.

"కాకగిరి తలుపు తీసె కుక్క శూరసింహుడు,
కాకులకే విందు చేసె కుక్క శూరసింహుడు!"

జనం చప్పట్లు చరిచారు. ఎవడో పిల్లిమొగ్గ వేశాడు. మావటివాడు వంగి ఏనుగు చెవి వెనక ఏదో అన్నాడు. అది మనుషుల మాట కాదు. గండశిల ఆగింది. తొండం ఎత్తి, మేఘం చీలినట్టు ఘీంకరించి, వందిమాగధుల మధ్యనుంచి దూసుకుపోయింది.

"ఏనుగురోయ్! మదమెక్కిందిరోయ్!"

గాజులమ్మే ఆమె మలారాన్ని చంకనపెట్టుకుని పందిరి ఎక్కింది. అప్పాల దుకాణం బాణలితో సహా బోర్లాపడింది. శూలధారులు శూలాలు పారేసి గోడలు పాకారు. గండశిల తూర్పు వాకిలి చేరేసరికి కావలివాళ్ళు అగడ్త మీది కొయ్యవంతెనను పైకి లాగుతున్నారు. వంతెన మనిషెత్తు లేచింది. ఏనుగు ఆగలేదు. దాని బరువుకు వంతెన ఫెళ్ళున మళ్ళీ కిందపడింది, గొలుసులు తెగాయి. వెనక వచ్చిన గుర్రాలు ఎక్కగానే నడిమికి విరిగి అగడ్తలో కూలింది. మొసళ్ళకు ఆ రోజు నిజంగా పండగే.

"ఒరే మావటీ! అంకుశం వెయ్యరా! ఏనుక్కి మదమెక్కింది కనబడ్డం లేదూ?" అని అరిచాడు ఉగ్రకేతుడు.

"మదమెక్కింది ఏనుక్కి కాదు, సేనాపతీ."

ఆ గొంతు విని ఉగ్రకేతుడు అంబారీలో సగం లేచాడు. మొలలోని బాకు తీసి విసిరాడు. అరిందముడు తల వంచాడు. బాకు అతని తలపాగాను ఎగరగొట్టుకుపోయింది. అతను వెనక్కి తిరగకుండానే అంకుశం కొక్కెంతో అంబారీ నడికట్టు తాడును పట్టి లాగాడు. తాడు తెగి అంబారీ పక్కకు ఒరిగింది. ముత్యాలు రాలాయి. సేనాపతి జారి, ఏనుగు పక్కటెముకల మీద గబ్బిలంలా వేలాడుతున్నాడు. కింద రాళ్ళు, ముళ్ళు, పరుగెత్తే నేల.

"పట్టుకో" అని అరిందముడు ఏనుగు కాలిసంకెల విసిరాడు. పట్టుకోక తప్పలేదు ఉగ్రకేతుడికి. పట్టుకున్న చేతికే సంకెల కడెం పడింది. రెండో కొసను అరిందముడు తన నడుముకు బిగించుకున్నాడు.

"దూకితే ఇద్దరం దూకుతాం. దూకుతావా?"

"ఎవడివిరా నువ్వు?"

అరిందముడు అంగీ చెయ్యి పైకి మడిచి ఎర్రదారం చూపించాడు. "శూరసింహుడి కొడుకుని."

ఉగ్రకేతుడు ఆ దారాన్ని చూసి, అతని మొహాన్ని చూసి, ఏనుగు మీదికి ఎగబాకి సర్దుకు కూర్చున్నాడు. "అలాగా. అయితే కాకగిరికన్నమాట పోతున్నది. ముందే చెబితే గుర్రం మీద వచ్చేవాణ్ణి కదరా. ఈ కుదుపులకు నడుం విరిగింది" అన్నాడు.

భయపడనివాణ్ణి చంపడం ఎంత హాయి అనుకున్నాడు అరిందముడు.

చీకటిమల అడవిలోకి దిగి, సెలయేటికి ఎదురెక్కి, వెదురుపొదలను జొన్నచేనులా తొక్కుకుంటూ గండశిల పొద్దు గూకడానికి ఇంకా జాముండగానే కొండ మీదికి చేరింది.

కాకగిరి ఇప్పుడు కోట కాదు. కోట కళేబరం. సగం కూలిన బురుజులు ముసలిదాని నోట్లో పళ్ళలా నిలబడి ఉన్నాయి. ప్రాకారం మీద నాగజెముడు పెరిగింది. అగడ్తలో చచ్చిన గుర్రాల ఎముకలు ఎండకు తెల్లబడ్డాయి. ఉత్తరపు వాకిలికి తలుపుల్లేవు, రాతి కమాను మాత్రం ఉంది. దాని ముందు ఒకప్పుడున్న వంతెన ఎప్పుడో కూలిపోయింది. ఇప్పుడు కమాను కింద కొండ కత్తితో కోసినట్టు తెగిపోయి, పాతాళంలో నీలధార నది పారుతోంది. ఆవలి ఒడ్డు కాలకంధరం.

అరిందముడు ఇంతవరకు ఇక్కడికి రాలేదు. పగ తీర్చుకునేవాడు ఆ నేల మీద ఒకేసారి, శత్రువుతోనే కాలు పెట్టాలని ధూమ్రజటుడు చెప్పాడు. అది చట్టంలో ఉందో లేదో అతను ఎవరినీ అడగలేదు.

ఉగ్రకేతుణ్ణి కమాను కింద మోకాళ్ళ మీద కూర్చోబెట్టి కత్తి దూశాడు.

"సేనాపతీ, విను. మొదటి నోరు, ఈ కోటలో నగారా కొట్టిన భేరన్న. 'దుమ్ములో మనిషి కంటికి ఆనలేదు నాయనా, చెయ్యి ఆనింది. అడ్డదూలం నరికిన చేతికి పులిగోళ్ళ కడియం ఉంది. దాని మీద రెండు తలల పక్షి' అన్నాడు. రెండో నోరు, సైనికుల బట్టలుతికిన పోలమ్మ. 'ఆ సెయ్యి నాకు తెల్దా అయ్యా? రెండు తలల పక్షి కడెం తళుక్కుమంది' అంది. మూడో నోరు, ఈ బురుజు మీదే కాలు పోగొట్టుకున్న విలుకాడు చింతడు. 'కడియం చూశా, పక్షిని చూశా, ఒట్టు' అన్నాడు. ముగ్గురిదీ మూడు ఊళ్ళు. ఒకరికొకరు ఏమీ కారు. ఇక రాయి..." అంటూ మొలలోంచి గుడ్డలో చుట్టిన ఒక కొయ్యముక్క తీశాడు. "ఈ తలుపుకు అడ్డం వేసే దూలంలోది. లోపలివైపునుంచి గొడ్డలితో నరికిన గాటు ఇదిగో. ఒక్క ప్రశ్న ఉంది నీకు. అడుగు."

ఉగ్రకేతుడు తన చేతి కడియం వంక చూశాడు. ఆ తరువాత నవ్వాడు. ఆ నవ్వులో వెటకారం లేదు, విసుగు ఉంది.

"ఈ కడియం మీది పక్షి ఏ రాజు ముద్రరా?"

"గండభేరుండం. విజయపాల మహారాజుది."

"అంతే నా ప్రశ్న. ఇంక నరుకు."

కత్తి పైకి లేచింది. అక్కడే ఉండిపోయింది.

"ఏం, ఆగావు? రెండో ప్రశ్న అడిగే హక్కు నాకు లేదు. కావాలంటే నీకు నువ్వే అడుక్కో."

కాకగిరి పడిన నాడు గద్దె మీద ఉన్నది విజయపాలుడు కాదు, అతని తండ్రి ధర్మపాలుడు. అతని ముద్ర నెమలి. అరిందముడు కమాను నడినెత్తిన పేరుకున్న నాచును కత్తిమొనతో గీకాడు. రాతిలోంచి నెమలి మెడ బయటపడింది, ఆపైన పింఛం. ఈ కోట పడిన దిగులుతోనే ముసలి రాజు మంచం పట్టాడని, కొడుకు పట్టం కట్టుకున్నాకే ముద్ర మారిందని రాజ్యంలో గొడ్లు కాసేవాడికి కూడా తెలుసు. ఆనాడు ఈ వాకిట్లో గండభేరుండపు కడియం తొడుక్కున్న చెయ్యి ఏదీ ఉండటానికి వీల్లేదు. అప్పటికి ఆ పక్షి ఇంకా గుడ్డులోనే ఉంది.

"కోటను తిరిగి పట్టినందుకు విజయపాలుడు ఇచ్చాడు ఇది" అన్నాడు ఉగ్రకేతుడు. "నీ ముగ్గురూ నన్ను చూశారు, కాదనను. ఆ రోజున కాదు. ఆ తరువాత ఏ ఊరేగింపులోనో చూశారు."

"ఒకడు పొరబడతాడు. ముగ్గురూ ఒకేలా పొరబడతారా?"

"నా సైన్యంలో ముగ్గురు కుర్రాళ్ళు ఒకే తప్పుతో బాణం వేస్తే, ముగ్గురికీ గురువు ఒకడేనని తెలుసుకుంటాను నేను."

అరిందముడు ఆ మాటను తిప్పి చూసుకున్నాడు. చట్టం ఏమడుగుతుంది? ఒక పొయ్యి మీద తిన్నారా అని అడుగుతుంది. ఒక నోటినుంచి విన్నారా అని అడగదు. భేరన్న ఊరు చెప్పిందెవరు? ధూమ్రజటుడు. పోలమ్మ ఇంటికి దారి చెప్పిందెవరు? ధూమ్రజటుడు. చింతడి గుడిసె ముందు అప్పటికే సిద్ధుడి హోమభస్మం పడి ఉంటే, గురువుగారు ఎంత దయతో నాకంటే ముందే వచ్చారోనని కళ్ళు ఒత్తుకున్నది తనే కదా! మూడు నోళ్ళు కావవి. మూడు కుండల్లో ఒకే చెలమ నీళ్ళు.

కత్తి కిందికి దిగింది. సూటిగా ఉగ్రకేతుడి గొంతు మీదికే దిగింది.

"కడియం సంగతి తేలింది. నీ సంగతి తేలలేదు. మా నాన్న తలుపు తీశాడని రాజు ముందు చెప్పిన నోరు నీదే. ఏం చూశావు?"

"చూశాను. దుమ్ము, పొగ. ఆ పొగలో తలుపు దగ్గర ఎర్ర తలపాగా. అది శూరసింహుడిదే. ఈ కోటలో ఇంకెవరికీ లేదు."

"మొహం చూశావా?"

"అటు తిరిగి ఉన్నాడు."

"గొంతు విన్నావా?"

"ఆ గోలలోనా?"

"చేతులు?"

"తలుపు మీద ఉన్నాయి. రెండు చేతులూ తలుపు మీద ఆనించి ఉన్నాడు."

"తీస్తున్నాడా, మూస్తున్నాడా?"

ఉగ్రకేతుడు నోరు తెరిచాడు. మూశాడు. "ఆ తరువాత తలుపు తెరిచి ఉంది. అందుకని..."

"అందుకని తీస్తున్నాడన్నావు. నువ్వు చూసింది ఒక గుడ్డ, ఒక వీపు. మిగతాదంతా నువ్వు అల్లింది. ఆ అల్లికకు మా నాన్న తలను వెదురుకు గుచ్చారు. మా అమ్మ చింతాకు నమిలి జ్వరంతో పోయింది. నిన్ను చంపడానికి నాకు కడియం అక్కర్లేదురా ఉగ్రకేతుడా!"

"అయితే చంపు. చంపి కొరతెక్కు. మీ నాన్న కుక్కగానే ఉండిపోతాడు పాటలో."

ఆ మాట కత్తికంటే లోతుగా దిగింది. అరిందముడు వెనుదిరిగి, సంకెలతో సేనాపతిని కూడా ఈడ్చుకుంటూ, వాకిలి గోడ దగ్గరికి పోయాడు. తలుపు దూలం దూరే తొర్ర గోడలో ఇంకా ఉంది. తీగలు తెంపి చూశాడు. తొర్రలోపల దూలం మొండెం ఇరుక్కుని ఉంది. తన దగ్గరున్న ముక్కను దాని పక్కన పెట్టాడు. అడవిలో పెరిగినవాడికి చెక్కను గురించి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. తన ముక్క టేకు. తొర్రలో ఉన్నది నల్లమద్ది. ఎక్కడి కొయ్యో నరికి, గాటు పెట్టి, గుడ్డలో చుట్టి ఇచ్చాడు గురువు.

"ఇటు చూడు సేనాపతీ. తలుపు తీయాలంటే ఏం చేయాలి?"

"దూలం లాగాలి. అది లాగనిదే ఏనుగు గుద్దినా కదలదు ఈ తలుపు."

"మరి దూలం లాగితే, ఈ మొండెం తొర్రలో ఎందుకుంది?"

ఉగ్రకేతుడు ఒంగి చూశాడు. మొండెం కొస బొగ్గయి ఉంది. తొర్ర గోడలు లోపలంటా మసి. దూలం తన చోట తాను ఉండగానే కాలిపోయింది. ఎవరూ లాగలేదు. ఎవరూ నరకలేదు.

"తలుపు ఎవరు తీశారని నువ్వు అడిగావు. రాజు అడిగాడు. ఇన్నేళ్ళూ నేనూ అదే అడిగాను" అన్నాడు అరిందముడు. అతని గొంతు అతనికే కొత్తగా ఉంది. "అసలు తీశారా అని ఒక్కడూ అడగలేదు."

"కాలితే మంట కనబడాలి కదరా! నల్లమద్ది అంత సులువుగా అంటుకోదు."

అరిందముడు మిగిలిన తీగలు కూడా పక్కకు లాగాడు. తొర్ర అంచున రాయి కరిగి, గడ్డకట్టి, గాజులా నిగనిగలాడుతోంది. నీలంగాజు. కత్తిమొనతో ఒక పెళ్ళ ఊడగొట్టి మొలలో దోపుకుంటే కమురువాసన వచ్చింది. ఆ గాజును అతను ఎరుగును. చిన్నప్పటినుంచి రోజూ ఉదయం గురువుగారి హోమగుండం అడుగున గోకి ఎత్తిపోసింది దాన్నే. నీలాగ్ని మంత్రం వేస్తే మంట లేవదు, పొగే లేస్తుంది. ఎంతటి రాయి అయినా వెన్నలా కరుగుతుంది.

"ధూమ్రజటా!" అని అరిచాడతను. కొండలు ఆ పేరును తిప్పితిప్పి చెప్పాయి.

"పిలిచావా నాయనా?"

విరిగిన బురుజు మీద పొగ సుడి తిరిగింది. ఆ పొగే జడలయింది, గడ్డమయింది, కపాలమాలయింది. ధూమ్రజటుడు యోగదండం మోకాళ్ళ మీద పెట్టుకుని, గద్దలా కూర్చుని ఉన్నాడు.

"ఇంకా నరకలేదేం? పొద్దు వాలిపోతోంది కదా!" అన్నాడు ముద్దుగా.

"తలుపు కాల్చింది నువ్వు."

"నేనే. మీ నాన్న నా జడలు గొరిగించి, గాడిద మీద ఎక్కించి ఈ వాకిట్లోంచే వెళ్ళగొట్టాడు. పసిపిల్లల్ని బలికి ఎత్తుకుపోతున్నానని! అతణ్ణి చంపడం ఎంతసేపు? వంశమే ఉండకూడదనుకున్నాను. అందుకే నిన్ను పెంచాను. నా చేత్తో గంజి పోసి పెంచాను. అబద్ధపు సాక్ష్యంతో వీణ్ణి నరికితే నిన్ను నీ రాజే కొరత వేస్తాడు. మీ వీరగల్లులను నీ ప్రజలే పెకలిస్తారు. నా చేతికి మట్టి అంటదు. ఎంత అందమైన పగ! చివరి బెత్తెడులో పాడుచేశావు కదరా సన్నాసీ!"

"దిగరా కిందికి!"

ధూమ్రజటుడు దిగలేదు. దండంతో బురుజును తట్టాడు. అగడ్తలోని ఎముకలు కటకటమన్నాయి. గుర్రపు కంకాళాలు మట్టి దులుపుకుని లేచి, కళ్ళ గుంటల్లో నీలిమంటలతో వాకిలి మీదికి దౌడు తీశాయి.

"చెయ్యి విప్పరా! కత్తివ్వు నాకు!" అన్నాడు ఉగ్రకేతుడు.

"కత్తివ్వను. సంకెల తిప్పు."

"నిన్ను కన్నది మనిషేనా?"

"ఎడమపక్క చూసుకో ముందు!"

వీపుకు వీపు ఆనించి నిలబడ్డారిద్దరూ. ఒకడు కత్తితో కంకాళాల మెడలు తెంపుతుంటే ఒకడు సంకెలను వడిసెలలా తిప్పి కాళ్ళు విరగ్గొడుతున్నాడు. ఒకరిమీద ఒకరికున్న కసంతా ఆ ఎముకల మీద తీరుతోంది. విరిగినవి మళ్ళీ అతుక్కుంటున్నాయి. బురుజు మీదినుంచి ధూమ్రజటుడు దోసిలిపట్టి నీలాగ్ని ఒలకబోశాడు. అది నీళ్ళలా గోడ వెంబడి జారి, తగిలిన ప్రతి రాయినీ కరిగించుకుంటూ వస్తోంది. కమాను మీది నెమలి కన్నీళ్ళలా కారిపోయింది.

అరిందముడు గజభాషలో కేక పెట్టాడు. గండశిల కంకాళాలను పిడకల్లా తొక్కుకుంటూ వచ్చింది. వస్తూనే తొండంతో ఇద్దరినీ ఒక్క చుట్టు చుట్టి ఎత్తింది. ముందు నిప్పు, వెనక ఎముకలు. మిగిలింది ఉత్తరపు వాకిలి ఒక్కటే. దాని అవతల నేల లేదు.

"వద్దురోయ్!" అన్నాడు వైడూర్యగిరి సేనాపతి, జీవితంలో మొదటిసారి.

ఏనుగు దూకింది.

కమాను వాళ్ళ వెనక కరిగి కూలింది. గాలి చెవుల్లో ఈల వేసింది. నీలధార వాళ్ళను మింగి, చాలాదూరం కిందికి ఈడ్చుకుపోయి, మళ్ళీ బయటికి కక్కింది. గండశిల తొండాన్ని నీటి పైకెత్తి ఈదుతోంది. సంకెలకు ఇటొకడు అటొకడు దాని మెడను కరుచుకుని ఉన్నారు. చివరికి ఇద్దరూ ఆవలి ఒడ్డున ఇసుకలో పడ్డారు.

మొదట నీళ్ళు కక్కి లేచినవాడు ఉగ్రకేతుడు. "పద, వెనక్కి. రేవు వెతుకుదాం. రాజు ముందు నేనే చెబుతాను. మాంత్రికుడు తన నోటితో ఒప్పుకున్నాడు. నేను విన్నాను. శూరసింహుడు నిర్దోషి అని రేపు పొద్దుగూకేలోగా చాటింపు వేయిస్తాను. చాలదా?"

"చాలదు."

"వాడే ఒప్పుకుంటే ఇంకేం కావాలిరా?"

"ఇన్నాళ్ళూ వాడి మాటే నమ్మాను. నమ్మి నీ గొంతు మీద కత్తి పెట్టాను. ఇవాళ నాకు నచ్చిన మాట చెప్పాడని మళ్ళీ అదే నోటిని నమ్మమంటావా?" అరిందముడు తడిసిన ఎర్రదారాన్ని మునిపంటితో కొరికి తెంపి ఏట్లో పారేశాడు. "వాణ్ణి చంపుతాను. ముక్కలుగా చంపుతాను. కానీ మొలలో ఉన్న ఈ రాయి ఒక్కటే దొరికింది నాకు. నోళ్ళు కావాలి. ఎవరూ మాటలు పోయని నోళ్ళు."

"ఎక్కడున్నాయి? ఆ రోజు కోటలో ఉన్నవాళ్ళలో మిగిలింది నేనూ, నీ ముగ్గురు అబద్ధాలూ."

"కోటలో ఉన్నవాళ్ళు చూసింది మా నాన్న వీపు." అరిందముడు తల తిప్పి, తాము పడి ఉన్న ఒడ్డును, దాని మీది నల్లటి తాటితోపును, తోపు మీద ఎగురుతున్న శత్రువుల జెండాను చూశాడు. "తలుపు కరిగి కంత పడినప్పుడు, ఆ కంతలోంచి అతని మొహం చూసినవాళ్ళు వీళ్ళు. తీస్తున్నాడో, చచ్చేదాకా అడ్డం నిలబడ్డాడో వీళ్ళకే తెలియాలి. మన రాజ్యంలో ఎన్నో పాటలు కట్టారు సేనాపతీ. వీళ్ళను మాత్రం ఒక్కరూ అడగలేదు."

"శత్రువును సాక్ష్యం అడుగుతావా? మనల్ని చూస్తే ముందు చర్మం ఒలుస్తారు!"

"ఒలిచేలోపు అడుగుతాను."

తోపులో బూర మోగింది. ఇసుక లేచింది. కాలకంధర కావలి గుర్రాలు అర్ధచంద్రంగా చుట్టుకుని, బల్లేల మొనలు రెండు గొంతుల మీదికి తెచ్చి ఆగాయి. ఉగ్రకేతుడి చెయ్యి అలవాటుగా లేని కత్తికోసం మొలకు పోయింది. అరిందముడు లేచి నిలబడ్డాడు. కత్తి తీసి ఇసుకలో గుచ్చాడు.

"కాకగిరి పడిన రోజున మీలో ఎవరైనా ఉత్తరపు వాకిట్లో ఉన్నారా?"

గుర్రాలు బుసకొట్టాయి. అప్పుడు అందరికంటే వెనకనుంచి ఒక ముసలి రౌతు ముందుకు వచ్చాడు. ఎప్పుడో కాలి ముడుతపడిన చెంప వల్ల అతని నోరు ఒకపక్కకు లాగి ఉంది. బల్లెం దించకుండానే అరిందముడి మొహాన్ని కిందనుంచి పైకి, పైనుంచి కిందికి చూశాడు. చూసిందే మళ్ళీ చూశాడు.

"ఈ మొహం నేనొకసారి చూశాను" అన్నాడు.